రెండో బంతి

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా కుర్చీకి వేలాడుతోంది. జరీ అంచు పంచె మడత విప్పకుండా మంచం మీద ఉంది. గోడ గడియారంలో ఎనిమిదింపావు. లోపలి గదిలోంచి మీ ఆవిడ గాజుల చప్పుడు, పట్టుచీర గరగర వినిపిస్తున్నాయి. ఇంకో అరగంటలో ఇద్దరూ స్కూటరెక్కాలి. కొవ్వూరు బజారు దాటి, రోడ్డు కమ్ రైలు వంతెన మీద గోదావరి దాటి, రాజమండ్రిలో డ్రిల్లు మాస్టారి షష్టిపూర్తికి చేరాలి. మీరు మాత్రం బనీను, లుంగీతో మంచం అంచున కూర్చుని ఫోను చూస్తున్నారు.

పాత స్టాఫు వాట్సాప్ గ్రూపులో పొద్దున్న ఆరింటికి ఒక మెసేజీ పడింది. పెట్టింది లెక్కల మాస్టారు. "నేను రాత్రే వచ్చేశానండి. మండపంలోనే ఉన్నాను, వంటవాళ్ల దగ్గర. దారి తెలియనివాళ్లు నాకు ఫోన్ చెయ్యండి."

ఆయన రారని అనుకున్నారు మీరు. రిటైరయ్యాక విశాఖపట్నంలో కొడుకు దగ్గరే ఉంటున్నారనీ, మోకాళ్ల నొప్పులతో ప్రయాణాలు మానేశారనీ ఎవరో చెప్పారు. ఆ ధైర్యంతోనే పంచె ఇస్త్రీకి ఇచ్చారు. ఇప్పుడా మెసేజీని పైకి జరిపి, మళ్లీ కిందికి లాగి, మళ్లీ చదువుతున్నారు.

"ఏవండీ, ఇంకా తయారవలేదా?"

మీ ఆవిడ గుమ్మంలో నిలబడి చెవి జూకా సర్దుకుంటోంది.

"ఒంట్లో బాగాలేదు. రాత్రి నుంచీ వెచ్చగా ఉంది."

ఆవిడ దగ్గరికొచ్చి చెయ్యి తిప్పి మీ నుదుటి మీద ఆనిస్తుంది. చల్లగా ఉందని ఆ చేతికి తెలిసిపోతుంది. మంచం మీద వెలుగుతున్న ఫోను వైపు ఒక్కసారి చూస్తుంది.

"ఆయన వచ్చారా?"

మీరు జవాబు చెప్పరు.

"అక్కడ అందరూ నన్నే అడుగుతారు. ఏం చెప్పను?"

"జ్వరమని చెప్పు."

"జన్మకోసారి చేసుకునే పండగండీ ఇది."

"తెలుసు."

ఆవిడ ఇంకేమీ అనదు. బీరువా పక్కనున్న సంచి తీసుకుంటుంది. అందులో డ్రిల్లు మాస్టారికి పంచెల చాపు, ఆయన భార్యకి ఉప్పాడ చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ పొట్లాలు ఉన్నాయి. ఆ చీర రంగు మీరే ఎంచారు. పక్కింటివాళ్ల కారు రాజమండ్రి వెళ్తోందట. గేటు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. ఇల్లు ఖాళీ.

వెళ్లకుండా ఉండిపోవడం తేలికని చాలామంది అనుకుంటారు. ఆ పూట ఎలా గడుస్తుందో దగ్గరుండి చూస్తే ఆ మాట అనరు. జ్వరమన్నారు కాబట్టి మీరు గడప దాటకూడదు. కార్తీకమాసం, గోష్పాద క్షేత్రం ఘాట్లో తెల్లవారుజాము నుంచీ స్నానాలు, అరటి దొప్పల్లో దీపాలు. రోజూ ఈపాటికి అటు నడిచి వస్తారు మీరు. ఇవాళ వెళ్తే ఎవరో ఒకరు చూస్తారు. కొవ్వూరు ఎంత ఊరని? టీకొట్టు దగ్గర ఆగినా చాలు, "మాస్టారూ, షష్టిపూర్తికి వెళ్లలేదా?" అంటారు. ఎన్ని ఏళ్ల సైన్సు పాఠాలు, ఎంతమంది పిల్లలు! ఈ వీధుల్లో సగంమంది మీ దగ్గర చదువుకున్నవాళ్లే. గేటు దగ్గర ఎవరి గొంతు వినపడ్డా టీవీ సౌండు తగ్గిస్తున్నారు. పాలబ్బాయి వస్తే తలుపు సగమే తీసి గిన్నె పట్టారు. మీ ఇంట్లో మీరే దాక్కుని కూర్చున్నారు.

తొమ్మిదిన్నరకి ఫోను మోగుతుంది. డ్రిల్లు మాస్టారు. పీటల మీద కూర్చోబోయే మనిషి అంత హడావుడిలో మీకు ఫోన్ చేస్తున్నారు. మోగి మోగి ఆగిపోయేదాకా దాన్ని అలాగే చేతిలో పట్టుకుంటారు. తర్వాత మెసేజీ: "చెల్లెమ్మ చెప్పింది. పడుకోండి, లేవకండి. లింకు పంపిస్తున్నా, ఓపికుంటే ఇంట్లోంచే చూడండి."

లింకు నొక్కకుండా ఉండటం మీ వల్ల కాదు.

ముందు సన్నాయి వినిపిస్తుంది. తర్వాత బొమ్మ తేరుకుంటుంది. హోమం పొగలో పసుపు బట్టలు కట్టుకుని డ్రిల్లు మాస్టారు, ఆయన భార్య. గ్రౌండులో విజిలేసి మూడు వందలమంది పిల్లల్ని ఒక్క క్షణంలో వరసలో నిలబెట్టిన ఆ మనిషి, పంతులుగారు చెప్పినట్టల్లా అక్షతలు వేస్తూ, చెప్పిన చోట నీళ్లు వదులుతూ, బుద్ధిగా కూర్చున్నారు. 1965లో ఆయన పుట్టినప్పుడు విశ్వావసు నామ సంవత్సరం నడుస్తోంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లూ ఒక చుట్టు తిరిగి 2025 ఉగాదికి మళ్లీ విశ్వావసు వచ్చింది. పుట్టిన సంవత్సరం పేరుని రెండోసారి చూసినవాళ్లకే ఈ శాంతి, ఈ హోమాలు, ఈ రెండో పెళ్లి. మూడోసారి చూడాలంటే నూట ఇరవై ఏళ్లు బతకాలి. అందుకే మీ ఆవిడ జన్మకోసారి అన్నది.

కార్డు ఇవ్వడానికి వచ్చిన రోజు డ్రిల్లు మాస్టారు మీ అరుగు మీద కూర్చుని ఒక మాట అన్నారు. "హోమం అయ్యాక కలశాల నీళ్లు మా ఇద్దరి మీదా పోస్తారట. పిల్లలు, అన్నదమ్ములు ఎలాగూ పోస్తారు. స్నేహితుల కలశం మీరు పట్టుకోవాలి." మీరు సరేనన్నారు. ఆయన వెళ్లాక కార్డుని దేవుడి పటం దగ్గర పెట్టారు.

కెమెరా మండపం వదిలి టిఫిన్ల హాల్లోకి వెళ్తుంది. ఇడ్లీలు, ఉప్మా, అల్లప్పచ్చడి. కుర్రాళ్ల మధ్య ఒక పెద్దాయన, నడుముకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో సాంబారు బకెట్టు. కాస్త వంగి, ఒక కాలు ఈడుస్తూ, ఒక్కొక్కరి దగ్గరా ఆగి వడ్డిస్తున్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గరిటె పట్టుకున్న తీరు మాత్రం అదే. ఆ తీరు మీకు 2006 నుంచీ తెలుసు.

2006 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర వరద 28 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులు. మీ జిల్లా పరిషత్ హైస్కూలుని పునరావాస కేంద్రం చేశారు. లంకల నుంచి పడవల్లో దింపిన జనం, మేకలు, బియ్యం మూటలు, తడిసిన పరుపులు. డ్రిల్లు మాస్టారు విజిల్ మెడలో వేసుకుని జనాన్ని గదులకి పంచారు. మీరు సైన్సు మాస్టారు కాబట్టి మంచినీళ్ల డ్రమ్ముల్లో క్లోరిన్ బిళ్లలు వేసి, ఎంతసేపటికి తాగొచ్చో కాపలా కాశారు. లెక్కల మాస్టారు వంట చూశారు. మనిషికి ఎన్ని గిద్దెలు, పూటకి ఎన్ని బస్తాలు, రేపటికి ఎంత మిగలాలి అని బ్లాకుబోర్డు మీద సుద్దముక్కతో లెక్కలు కట్టి, వడ్డన దగ్గర మాత్రం ఆ లెక్కలన్నీ మరిచిపోయి గరిటె నిండా వేసేవారు. అందరూ తిన్నాక, అర్ధరాత్రి దాటాక, అడుగంటిన అన్నం ముగ్గురూ ఒకే బేసినులో కలుపుకుని తిన్నారు. వాన పడుతూనే ఉంది. మీ జీవితంలో తిన్న మంచి భోజనాల్లో అదొకటి.

ఆ మనిషితోనే మీకు మాటల్లేవు.

కారణం ఒక అయిదు లక్షల చిట్టీ. ఇరవై అయిదు నెలలు, నెలకి 20,000. నాలుగో నెలలోనే లెక్కల మాస్టారు పాట పాడుకున్నారు. ముప్ఫై శాతం కోత పోగా చేతికొచ్చింది మూడున్నర లక్షలు. పాడుకున్నవాళ్లు మిగిలిన వాయిదాలు కడతారన్న నమ్మకం కంపెనీకి కావాలి. ఉద్యోగస్తుల జామీను, జీతం సర్టిఫికెట్టు అడుగుతారు. మాస్టార్ల లోకంలో ఇది చాలా మామూలు. స్టాఫు రూములో ఒకరి చిట్టీకి ఒకరు సంతకం పెట్టుకుంటూ పిల్లల ఫీజులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, ఇంటి శ్లాబులు గడుపుకుంటారు. మీరూ పెట్టారు. ఎన్ని కాగితాల మీద, ఎక్కడెక్కడ అని చూసుకోలేదు.

ఆయన ఆ డబ్బు ఆకివీడు వైపు ఎవరితోనో కలిసి లీజుకి తీసుకున్న రొయ్యల చెరువులో పెట్టారు. వైట్‌స్పాట్ తెగులు వచ్చింది. పంట చేతికి రాకుండానే చెరువు తుడిచిపెట్టుకుపోయింది. పదకొండో నెల తర్వాత వాయిదాలు ఆగిపోయాయి. నోటీసు మీకొచ్చింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీను ఉన్నవాడికీ అంతే. ముందు ఆయన్ని అడిగి, ఆయన దగ్గర లేకపోతే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. నేరుగా మీ జీతం మీదికే వచ్చారు. జీతంలో మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ చట్టం ముట్టుకోనివ్వదు. మిగతా వంతు కొయ్యొచ్చు. అప్పటి మీ జీతానికి ఆ వంతు సరిగ్గా 20,000 వచ్చింది. జీతాల బిల్లు పెట్టేది హెడ్మాస్టారు, రాసేది గుమాస్తా. మీ పేరెదురుగా ఆ కోత ఎందుకో ఇద్దరికీ తెలుసు, వాళ్లిద్దరి ద్వారా బడి మొత్తానికీ తెలుసు.

ఒకరోజు స్టాఫు రూములో మీరు అడిగారు, అందరి ముందే, "నా ఫోనైనా ఎత్తొచ్చు కదండీ" అని. ఆయన కాపీలు దిద్దుతున్న పెన్ను ఆపి అన్నారు. "సంతకం పెట్టమని నేనేమైనా మీ కాళ్లు పట్టుకున్నానా?"

డ్రిల్లు మాస్టారు అక్కడే ఉన్నారు. ఆయనేమీ మాట్లాడలేదు.

తర్వాత ఇంటి స్థలం అమ్మి ఆయన మీ డబ్బు మొత్తం బ్యాంకులో వేశారు. వడ్డీ కూడా వేశారు. ఫోను మాత్రం చెయ్యలేదు. ఆ డబ్బు పడినట్టు మెసేజీ వచ్చిన రోజు మీకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. మీ కోపం అన్యాయమని నేను ఒక్కనాటికీ అనను. నమ్మి సంతకం పెట్టినవాణ్ణి నలుగురి ముందు ఆ మాట అంటే ఎవరికైనా మండుతుంది. అప్పులు పత్రాల మీద ఉంటాయి కాబట్టి ఏదో ఒక రోజు తీరతాయి. ఆ మాట ఎక్కడా రాసిలేదు, కొట్టెయ్యడానికి.

హాల్లోంచి కెమెరా మళ్లీ మండపానికి వస్తుంది.

హోమం పూర్ణాహుతి అయింది. పంతులుగారు దంపతుల్ని లేపి బయట వేసిన పీటల మీద కూర్చోబెట్టారు. బియ్యం పోసిన అరిటాకుల మీద కలశాలు వరసగా ఉన్నాయి. మామిడాకులు, పైన కొబ్బరికాయలు. కొడుకు, కోడలు ముందుగా పోస్తారు. కూతురు, అల్లుడు అమెరికా నుంచి వచ్చారు, వాళ్లు పోస్తారు. తమ్ముళ్లు, మరదళ్లు. నీళ్లు పడినప్పుడల్లా డ్రిల్లు మాస్టారు చిన్నపిల్లాడిలా కళ్లు గట్టిగా మూసుకుంటున్నారు. జనం నవ్వుతున్నారు. పంతులుగారు మైకు దగ్గరికి వంగి అడుగుతారు: "స్నేహితుల తరఫున ఎవరండీ?"

డ్రిల్లు మాస్టారు కళ్లు తుడుచుకుని పందిరి గుమ్మం వైపు చూస్తారు. ఎందుకు చూశారో ఆ పందిట్లో చాలామందికి తెలియదు. మంచం మీద ఫోను పట్టుకుని కూర్చున్న మీకు తెలుసు. తర్వాత ఆయన చెయ్యి ఊపి ఎవరినో పిలుస్తారు. స్తంభం పక్కనుంచి లెక్కల మాస్టారు వస్తారు. రానంటున్నట్టు తల అడ్డంగా ఊపుతూనే వస్తారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఒక కలశం ఎత్తుతారు. మోకాళ్లు వంగక, నిలబడే, జాగ్రత్తగా, ఇద్దరి తలల మీదా సమంగా పోస్తారు.

ఇంకో కలశం మిగిలిపోయి ఉంది. పంతులుగారు మళ్లీ మైకులో ఏదో అడుగుతారు. సన్నాయివాళ్లు అందుకోవడంతో ఆ మాట వినిపించదు. కెమెరా తిరిగిపోతుంది.

మీరు ఫోను బోర్లా పెట్టేస్తారు. లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగుతారు. చొక్కా వైపు చూస్తారు. ఇప్పుడు బయల్దేరినా పన్నెండు లోపు చేరొచ్చు. జ్వరం తగ్గిందని చెప్పొచ్చు. చొక్కా చేతిలోకి తీసుకుంటారు కూడా. ఆయన ఎదురుపడితే ఏం చేయాలి? పలకరిస్తే ఏమనాలి? పలకరించకపోతే అందరూ చూస్తారు కదా? గ్రూప్ ఫోటో అంటే పక్కపక్కనే నిలబెడతారేమో. చొక్కాని మళ్లీ కుర్చీకి తగిలిస్తారు.

ఈ భయాలన్నీ నాకు తెలిసినవాళ్లలో ఎంతోమందిలో చూశాను. ఒకప్పుడు మన ఊళ్లలో వీటికి ఏర్పాటు ఉండేది. మాటల్లేని అన్నదమ్ములు, గట్టు తగాదాలున్న పాలివాళ్లు, వియ్యంకులతో పడని మేనమామలు, అందరూ పెళ్లికి వచ్చేవారు. మాటలుండేవి కావు, మంచీ చెడ్డకి రాకపోకలు మాత్రం ఉండేవి. ఇంటిపెద్దకి ఎవరికి ఎవరితో పడదో తెలుసు. ఒకరిని మొదటి బంతికి లేపి, రెండోవారిని వీధరుగు మీద చుట్టా కబుర్లలో ఉంచి రెండో బంతికి లేపేవారు. మొదటి బంతివాళ్లు చేతులు కడుక్కుని ఒక గుమ్మంలోంచి వెళ్తుంటే రెండో బంతివాళ్లు ఇంకో గుమ్మంలోంచి వచ్చేవాళ్లు. ఎవరూ ఎవర్నీ రాజీపడమనేవాళ్లు కారు. ముత్తయిదువలు పిలవడానికి వెళ్లినప్పుడు "ఆయన వస్తాడా?" అని అడిగితే "వస్తాడు, నువ్వూ రా" అని చెప్పేవారు. పిలిచినవాడి పందిరి నిండాలి, అదొక్కటే లెక్క. ఇప్పటి హాళ్లలో ఒకటే గుమ్మం, ఒకటే బఫే వరస, స్టేజీ ఎక్కే దారి ఒకటే, ఫోటోవాడు అందర్నీ దగ్గరికి జరగమంటాడు. పడనివాళ్లకి చోటు లేకుండా పోయింది. చోటు లేకపోయేసరికి వాళ్లు ఇళ్లలో ఉండిపోవడం మొదలుపెట్టారు. పిలిచినవాడి పందిట్లో కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే మార్పు.

పన్నెండున్నరకి ఫోను మళ్లీ తిప్పుతారు. తలంబ్రాలు అయిపోయాయి. ఆర్కెస్ట్రా మొదలైంది. కుర్రాడెవరో ఎస్పీ బాలుగారి పాట అందుకున్నాడు, ఇళయరాజా బాణీ. డ్రిల్లు మాస్టారికి ప్రాణం ఆ పాటలంటే. గ్రౌండులో మార్చ్‌పాస్టు అయ్యాక మైకు కట్టెయ్యకుండా రెండు పాటలు వేయించేవారు.

బాలుగారు, ఇళయరాజా సినిమాల్లో పేరు తెచ్చుకోకముందు నుంచీ స్నేహితులు. బాలు కచేరీ బృందంలో ఇళయరాజా, ఆయన తమ్ముడు గంగై అమరన్ వాయించేవారు. 2017 మార్చిలో బాలు అమెరికా పర్యటనలో ఉండగా ఇళయరాజా లాయరు నోటీసు పంపారు, అనుమతి లేకుండా తన పాటలు వేదికల మీద పాడొద్దని. పాటల హక్కుల్లో ఆయన వాదన ఆయనకుంది. బాలు నొచ్చుకున్నారు, మిగిలిన కచేరీల్లో ఆ పాటలు పాడబోనని చెప్పారు. వేల పాటల స్నేహం అక్కడ ఆగిపోయిందని అందరం అనుకున్నాం. 2019 జూన్ 2న చెన్నైలో ఇళయరాజా కచేరీలో బాలు మళ్లీ ఆయన పక్కన నిలబడి పాడారు. హక్కుల గొడవలో ఎవరిది ఒప్పో ఆ వేదిక తేల్చలేదు, తేల్చాలని ఎవరూ అడగలేదు. మరుసటి ఏడు ఆగస్టులో బాలు కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇళయరాజా వీడియోలో, లేచి రా అని పిలిచారు. 2020 సెప్టెంబరు 25న బాలు వెళ్లిపోయారు. ఆ 2019 సాయంత్రం లేకపోయి ఉంటే ఆ పిలుపు ఎలా ఉండేదో ఊహించడానికి నాకు మనసొప్పదు.

స్క్రీను మీద పాట అవుతోంది. పెళ్లికొడుకు తడిజుట్టుతో చప్పట్లు కొడుతున్నారు. పెళ్లికూతురు ఆయన్ని మోచేత్తో పొడిచి నవ్వుతోంది. తర్వాత భోజనాలు. గుమ్మడికాయ దప్పళం, కంద బచ్చలి, ముద్దపప్పు, పులిహోర, పూర్ణం బూరెలు. బఫే ఒక పక్క పెట్టినా పెద్దవాళ్లకి బల్లలు వేసి అరిటాకులు పరిచారు. ఆ వరసల మధ్య లెక్కల మాస్టారు నెయ్యి గిన్నెతో తిరుగుతున్నారు. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోస్తున్నారు. మీ ఆవిడ ఆకు దగ్గర ఆగుతారు. ఏదో అడుగుతారు. ఆవిడ తల వంచుకుని ఏదో చెబుతుంది. ఆయన ఒక్క క్షణం నిలబడి, నెయ్యి పోసి, పక్క ఆకు దగ్గరికి వెళ్లిపోతారు.

మీరు మధ్యాహ్నం పొద్దుటి అన్నంలో పెరుగు కలుపుకుని తింటారు.

నాలుగింటికి గేటు చప్పుడు. మీ ఆవిడ తాంబూలం సంచి బల్ల మీద పెడుతుంది. అందులో కొబ్బరికాయ, తాపేశ్వరం కాజా, ఒక స్టీలు గిన్నె. చీర మార్చుకోవడానికి వెళ్తూ చెబుతుంది. "ఎనిమిదిమంది అడిగారు మీ గురించి. ఎనిమిదిమందికీ అబద్ధమే చెప్పాను." అంతకుమించి ఒక్క మాట లేదు. ఏం అడిగారాయన అని మీరు అడగాలనుకుంటారు. అడగరు.

చీకటి పడ్డాక, ఏడు దాటాక, మోటారు సైకిలు ఆగిన చప్పుడు. అరుగు మీద లైటు వేసి చూస్తే డ్రిల్లు మాస్టారు. ఇంకా పసుపు పంచెలోనే ఉన్నారు, పైన మామూలు చొక్కా. నుదుటన కల్యాణం బొట్టు చెరిగి ఉంది. తెల్లవారకముందు లేచి, మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉండి, వచ్చినవాళ్లందరినీ సాగనంపి, ఆ అలసటలో వంతెన దాటి వచ్చారు.

"జ్వరం ఎలా ఉందండి?"

మీరు కుర్చీ జరుపుతారు. ఆయన కూర్చుంటారు. మీ ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లిపోతుంది.

"జ్వరం లేదండి," అంటారు మీరు.

"తెలుసు. చెల్లెమ్మకి అబద్ధం చెప్పడం రాదు." గ్లాసు సగం తాగి పక్కన పెడతారు. "ఆయన్ని పిలిచానని మీకు ముందు చెప్పలేదు. చెబితే రారని భయపడ్డాను. చెప్పాల్సింది."

"ఆయన మొహం చూస్తే ఆ మాటే గుర్తొస్తుందండి."

"రాదని ఎవరన్నారు? ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. అది తప్పేనని నాకూ తెలుసు." చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు నేల చూస్తారు. "కానీ మాస్టారూ, ఇవాళ పీటల మీద కూర్చున్నది నేనండి. ఆయన కాదు. పంతులుగారు రెండుసార్లు అడిగారు. మీ కోసమని పక్కన పెట్టించిన కలశం అలాగే ఉండిపోయింది. ఆఖరికి పంతులుగారే ఎత్తి పోసేశారు. పంతులుగారు పోస్తే ఏం, మీరు పోస్తే ఏం, నీళ్లు ఒకటే. నాకు మాత్రం ఒకటి కాదు."

మీ దగ్గర చెప్పడానికేమీ లేదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్తారు.

"ఆయనేమైనా అన్నారా?"

"మీరు రాలేదేమని అడిగారు. జ్వరమన్నాను. నమ్మలేదు. వచ్చుంటే తను వంటింట్లోనే ఉండేవాణ్ణి కదా, ఎదురుపడేవాణ్ణి కాదు కదా అన్నారు. రాత్రి రైలుకి వెళ్లిపోతున్నారు." ఆయన లేస్తారు. "నేను మిమ్మల్నిద్దర్నీ కలపడానికి ఇదంతా పెట్టుకోలేదండి. మీరు మాట్లాడుకోకపోయినా నాకేం పట్టింపు లేదు. చచ్చేదాకా మాట్లాడుకోకండి. నా ఇంటికి మాత్రం ఇద్దరూ రండి."

మీరు కూడా లేస్తారు. గేటు దాకా నడుస్తారు.

"2027 నవంబరు 30న నా రిటైర్మెంటు," అంటారు డ్రిల్లు మాస్టారు. "పుష్కరాలు అయిన నాలుగైదు నెలలకి. బళ్లోనే, గ్రౌండులో షామియానా వేయిస్తా. బఫే వద్దు, బంతి భోజనాలు. ఇప్పుడే చెబుతున్నా, ఆయన వస్తారు. ఆయన్ని మొదటి బంతిలో కూర్చోబెడతాను, మిమ్మల్ని రెండో బంతిలో. అదీ కష్టమంటే మీరు మొదటి బంతి తీసుకోండి."

"రెండో బంతి చాలండి."

"మరి వస్తారా?"

"పొద్దున్నే వస్తాను. మొదటి బంతికి వడ్డిస్తాను."

ఆయన బండి తాళం తిప్పబోతూ ఆగుతారు. "ఆయన ఆకులో కూడానా?"

"వేస్తాను. మాట్లాడమంటే మాత్రం మాట్లాడను."

"నేనూ అడగనండి," అని డ్రిల్లు మాస్టారు బండి స్టార్టు చేస్తారు.